చిగుళ్లకు మెత్తనిది

2024 మే 31, శుక్రవారం

ఈ రోజు బగ్దల్ బడిలో పిల్లలందరి చేతా ప్రతిజ్ఞ చేయించాను. పొగాకు ముట్టను, ఇంట్లో ఎవరినీ ముట్టనివ్వను. గేటు పక్క గోడ మీద వంద గజాల లోపు పొగాకు అమ్మరాదన్న హెచ్చరిక కూడా దగ్గరుండి రాయించాను. జిల్లా ఉత్తమ ఉపాధ్యాయుల జాబితాకు ఈసారి నా పేరే పంపిస్తానని హెడ్మాస్టరు గారు అందరి ముందూ అన్నారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఇది మొదటిసారి.

ఆ సంతోషంతోనే బీదర్ చేరాను. ఇంటికి వచ్చేసరికి మహానంద పెరట్లో గోడ వైపు తిరిగి చూపుడువేలితో పళ్లు రుద్దుకుంటోంది. సాయంత్రం ఆరింటికి పళ్లు రుద్దుకోవడమేమిటి? నా అడుగుల చప్పుడు విని కొంగుతో మూతి తుడుచుకుంది. వేలు దాచుకోవడం మరిచిపోయింది. నల్లగా ఉంది.

మిశ్రి. పొగాకును పెనం మీద మాడ్చి, దంచి, డబ్బాలో పోసుకునే పొడి. హుల్సూరులో పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలవాటు. పింకి పుట్టినప్పుడు మానేశానని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పింది. పింకికి ఇప్పుడు పందొమ్మిదేళ్లు.

డబ్బా ఉప్పు జాడీ వెనక దొరికింది. మోరీలో గుమ్మరించాను.

"నా ఇజ్జత్ తీస్తవా? ఊరంత పొగాకు వద్దని చెప్పెటోని ఇంట్ల ఇదా?"

"చిగుళ్లు సలుపుతున్నయి. ఉగాది కాడి సంది గిట్లనే. అది రుద్దితె జర తిమ్మిరెక్కి ఊకుంటది. లేకుంటె అన్నం ముద్ద పెట్టుకోలేను."

సాకులు చెప్పడంలో ఈమెను మించినవారు లేరు.

జూన్ 2, ఆదివారం

కోపంతో పని జరగదు. పద్ధతి ప్రకారం వెళ్లాలి. సైన్సు చెప్పేవాడికి ఆ మాత్రం తెలుసు.

పొద్దంతా ఫోన్లో చదివాను. చిగుళ్లు సున్నితంగా ఉన్నవాళ్లు చేత్తో తోముకుంటే తెలియకుండానే గట్టిగా రుద్దేస్తారు. కరెంటు బ్రష్ అయితే తనంతట తాను కదులుతుంది. మనం పంటి మీద ఆనించి పట్టుకుంటే చాలు. తల చిన్నదిగా ఉండాలి. కుచ్చు మెత్తగా, చివరలు గుండ్రంగా ఉండాలి. వేగం తగ్గించుకునే వీలుండాలి. ఎక్కువ నొక్కితే హెచ్చరించేవి కూడా ఉన్నాయి. మొత్తం పదకొండు రకాలు పాత హాజరు పుస్తకంలో పట్టిక గీసి రాశాను. పింకి పుస్తకాల కోసం కూడా ఇంత శ్రమ పడలేదు.

మహానందతో ఒప్పందం కుదిరింది. మిశ్రి బంద్. దానికి బదులు మంచి బ్రష్ నేనే తెస్తాను. పొద్దున, రాత్రి రెండేసి నిమిషాలు నా ఎదురుగా తోముకోవాలి.

"ముందుగాల దవఖానల ఒకసారి సూపెడ్తరా?" అంది.

"చూస్తే వాళ్లకు మొదట కనపడేది నల్ల పళ్లే. ముందు నోరు శుభ్రం కానీ."

ఒప్పుకుంది. ఒప్పుకుందనే అనుకుంటున్నాను. తల అయితే ఊపింది.

జూన్ 9, ఆదివారం

చౌబారా దగ్గర కొన్న బ్యాటరీ బ్రష్‌తో వారం పూర్తయింది. బేసిన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటాను. గడియారం నా చేతిలో ఉంటుంది. మొదటి మూడు రోజులు రక్తం వచ్చింది. పాత మురికి కదులుతున్నప్పుడు అలాగే ఉంటుందని ఎక్కడో చదివాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మిశ్రి మానినవాళ్లకు కొన్ని వారాలు ఇలాగే ఉంటుంది. చుట్ట మానినప్పుడు మా నాయన కూడా ఏడ్చాడు.

జూన్ 16

ఈ బ్రష్ గరుకు. మార్చాలి.

జూలై 7, ఆదివారం

రెండోది వచ్చింది. ఛార్జింగ్ పెట్టుకునేది. మూడు వేగాలు. ఎక్కువ నొక్కితే మెడ దగ్గర ఎర్ర దీపం వెలుగుతుంది. అర నిమిషానికోసారి ఆగి, పక్కకు జరపమని గుర్తు చేస్తుంది. వస్తువు చూస్తేనే ముచ్చటేసింది.

మహానంద నోట్లో పెట్టుకున్న మరుక్షణమే తీసేసింది.

"తలకాయలకెల్లి గుయ్యిమంటుంది. మీరు పెట్టుకొని సూడుండ్రి."

"నా చిగుళ్లు బాగున్నయి. నాకెందుకు?"

అప్పుడు కింది పెదవి ఎడమ పక్కకు లాగి చూపించింది. "ఈడ. ఈ సందుల. ఇందులనే మంట."

ఫోన్ టార్చి వేసి చూశాను. చెంపకూ చిగురుకూ మధ్య, ఆమె ఏళ్ల తరబడి మిశ్రి ఒత్తుకునే చోట, తెల్లటి మచ్చ. మచ్చ నడుమ ఎర్రగా చీలినట్టుంది. వేలితో తాకితే గట్టిగా తగిలింది. మహానంద నా మణికట్టు పట్టుకుంది.

మొదటి బ్రష్ గీరుకుపోయి ఉంటుంది.

జూలై 8

పుండు కాదు. గీత.

జూలై 21, ఆదివారం

పింకి కలబురగి హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. మహానందే ఎత్తింది. తర్వాత నాకిమ్మంది.

"పప్పా, అమ్మ మాట ముద్ద ముద్దగ వస్తుందేంది?"

"కొత్త బ్రష్ కదా, చిగుళ్లు వాచినయి. అలవాటు అయితుంది."

"దవఖానకు తీస్కపోయినవా?"

"నేను సూస్తున్న గద."

నిజమే. రోజూ చూస్తున్నాను. ఏ మొగుడు పెళ్లాం నోరు రోజుకు రెండుసార్లు టార్చి వేసి చూస్తాడు?

ఆగస్టు 3, శనివారం

ఒంటిపూట బడి. కొత్త బస్టాండు దగ్గరి సుందరం డాక్టరు క్లినిక్‌కు వెళ్లాను. ఒక్కడినే. ఆయనది మాలాగే తెలుగు ఇల్లు. ఆయన తమ్ముడు ఉండేది విద్యాశాఖ ఆఫీసులో. జాబితా ఇప్పుడు ఆ ఆఫీసులోనే ఉంది. మహానందను తీసుకెళితే, నోరు తెరవగానే, ఏమ్మా ఎన్నేళ్ల నుంచి మిశ్రి అని అడుగుతాడు. సాయంత్రానికి ఆ మాట తమ్ముడి చెవిన పడుతుంది.

అందుకే అక్కకు అని చెప్పాను. ఊళ్లో ఉంటుంది, రాలేదు, చిగుళ్లు సున్నితం, కరెంటు బ్రష్ ఏది వాడితే హాయిగా ఉంటుందో చెప్పండి.

"నొప్పి ఒక్కటేనా, పుండు ఏమన్న ఉందా?" అన్నాడు.

"చిన్న గీత."

"ఎన్ని రోజుల సంది?"

"నెల."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "గురునాథ్ సార్, నోట్ల ఏ పుండైనా రెండు వారాల్ల మానాలె. మానలేదంటె మనిషిని చూడాలె, బ్రష్ కాదు. పొగాకు అలవాటు ఉందా ఆమెకు? గుట్కా, మిశ్రి, ఏదన్న?"

"లేదు."

"ఐనా తీస్కరాండ్రి. సోమారం తీస్కరాండ్రి. ఒక చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం. ఆలస్యం చెయ్యొద్దు. అప్పటిదాంక మెత్తటి మామూలు బ్రష్ చాలు, పుండు దిక్కు పోనియ్యొద్దు."

సరేనన్నాను. 

నెల అనడం కూడా తప్పే. పొరపాటున నోటికి వచ్చింది.

ఆగస్టు 4, ఆదివారం

డాక్టరు మెత్తటి బ్రష్ వాడమన్నాడు. మహానందకు అదే చెప్పాను.

"ఇంకేమన్నడు?"

"అంతే. మెత్తటిది."

ఆమె ముఖంలో భారం దిగిపోవడం చూశాను. చాలా రోజుల తర్వాత నాకు ఇష్టమని పుంటికూర పప్పు వండింది. తను మజ్జిగ తాగింది.

కొత్తది ఆర్డర్ పెట్టాను. అన్నిటికన్నా మెత్తటిది. కుచ్చులో వేల పోగులున్నాయట, దీనికీ నొక్కితే వెలిగే ఎర్ర దీపం ఉంది.

సోమవారం ఎట్లాగూ కుదరదు. జెండా పండుగకు పిల్లల కవాతు తయారు చేయాలి.

ఆగస్టు 18

జాబితాలో నా పేరు ఖాయమైంది. ఇంకా బయటికి చెప్పొద్దన్నారు. అవార్డు అయిపోగానే ఆమెను హైదరాబాద్ తీసుకెళతాను. అక్కడ మనల్ని ఎరిగినవాళ్లుండరు. పద్దెనిమిది రోజుల్లో ఏమీ మునిగిపోదు.

ఆగస్టు 25, ఆదివారం

ఇది రాయకూడదనుకున్నాను. రాయకపోతే మనసు ఊరుకోవడం లేదు.

పొద్దున బేసిన్ ముందు నిలబడి, "ఇయ్యాల తోముకోను" అంది. మూడో బ్రష్. మెత్తటిది. దాని కోసం నేను ఎంత తిరిగాను, ఎంత చదివాను.

"ఎందుకు?"

"నొస్తుంది."

"ఇది నొయ్యదు. నొయ్యకుండ ఉండాలనే తెచ్చిన."

"మీకు నొయ్యదు."

బ్రష్‌ను బేసిన్‌లో పడేసింది. నేను తీసి, కడిగి, ఎడమ చేత్తో ఆమె గడ్డం పట్టుకుని నోట్లో పెట్టాను. స్విచ్ నొక్కాను. గట్టిగా పట్టుకోలేదు. ఆమె రెండు చేతులతో నా చెయ్యి నెట్టింది. అరవలేదు. ముక్కుతో ఒక శబ్దం చేసింది. ఎర్ర దీపం వెలిగింది. మొత్తం రెండు నిమిషాలూ కాలేదు, ఒక నిమిషం లోపే.

ఉమ్మితే బేసిన్ ఎర్రనైంది. అందులో చిన్న తెల్ల ముక్క లాంటిది ఉంది. నీళ్లు వదిలాను.

మధ్యాహ్నం అన్నం వడ్డించింది. ఆమె దవడ మీద నా బొటనవేలి గుర్తు కనపడుతోంది.

గట్టిగానే పట్టుకున్నాను.

ఆగస్టు 26

ఈ రోజు తనంతట తానే తోముకుంది. నేను పిలవకముందే. రెండు నిమిషాలు పూర్తిగా. మంచిదే కదా.

సెప్టెంబరు 5, గురువారం

శాలువా, పూలదండ, ప్రశంసాపత్రం. పొగాకు రహిత పాఠశాలకు నేను చేసిన కృషిని విడిగా చదివారు. మైకు ముందు నేను మూడు నిమిషాలు మాట్లాడాను. మార్పు మన ఇంటి నుంచే మొదలు కావాలన్నాను. బాగా చప్పట్లు కొట్టారు. సుందరం డాక్టరు తమ్ముడు వచ్చి చేయి కలిపి, "మీ అక్కకు ఎట్లుందని అన్న అడుగుతుండు" అన్నాడు. తగ్గిపోయిందన్నాను.

మహానంద రాలేదు. నిన్ననే నీలం చీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసుకుంది. పొద్దున స్నానం చేసి వచ్చి, "నేను తయారు" అంది. ఎడమ చెంప వాపు దూరం నుంచే కనపడుతోంది. దగ్గరికొస్తే వాసన కూడా. ఎండలో అంతసేపు కూర్చోలేవు, ఇంట్లో ఉండు అన్నాను.

"ఆడోళ్లందరు వస్తరు గద."

"వాళ్లకు నీలెక్క లేదు గద."

చీర మడతపెట్టి బీరువాలో పెట్టింది. ఆ మాట ఇంకో రకంగా అనవలసింది.

సెప్టెంబరు 15, ఆదివారం

హైదరాబాద్ అనుకున్నాను. అర్ధ వార్షిక పరీక్షలు దగ్గరికొచ్చాయి. దసరా సెలవుల్లో తప్పకుండా.

అక్టోబరు 6, ఆదివారం

కొత్త ఇబ్బంది. మహానంద నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదు. రెండు వేళ్లు కూడా పట్టనంత. బ్రష్ తల లోపలికి పోవడం లేదు. పెట్టబోతే పళ్లకు కొట్టుకుంటోంది.

రెండు రోజులు ఆలోచించాను. తట్టింది. పిల్లల బ్రష్! తల చిటికెన వేలి గోరంత ఉంటుంది. మెత్తదనం కూడా ఎక్కువ. ఇంత తేలిక సంగతి మొదట్లోనే ఎందుకు తోచలేదో. వెంటనే ఆర్డర్ పెట్టాను. గులాబి రంగుది, పిడి మీద ఏనుగు బొమ్మ.

అక్టోబరు 11, శుక్రవారం

పిల్లల బ్రష్ పట్టింది. నా లెక్క సరిపోయింది. రాత్రి ఆ దుకాణం పేజీలో అభిప్రాయం రాశాను. "సున్నితమైన చిగుళ్లున్న పెద్దవారికి కూడా ఎంతో సౌకర్యం. నా భార్య చాలా సంతోషంగా ఉంది." ఐదు నక్షత్రాలు ఇచ్చాను. ఇప్పటికే నలుగురికి ఉపయోగపడిందట.

అక్టోబరు 13

పండుగ సెలవులకు పింకి రాలేదు. స్నేహితులతో గోవా పోతానంది. సరే పొమ్మన్నాను. మామూలుగా అయితే ఒప్పుకునేవాణ్ని కాదు.

అక్టోబరు 20

మహానంద మెడ మీద, చెవి కింద, గోలీ అంత గడ్డ. భయమేసింది.

అక్టోబరు 21

వాపు వల్ల గ్రంథులు ఉబ్బుతాయి. తొమ్మిదో తరగతి పాఠంలోనే ఉంది.

నవంబరు 3, ఆదివారం

హుల్సూరు వాళ్లకు భావ్‌బీజ్ పెద్ద పండుగ. దీపావళి తర్వాత అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల ఇంటికి వచ్చి హారతి పట్టించుకుంటారు. ఏటా మహానంద తమ్ముడు తుకారాం వస్తాడు. ఈసారి రావద్దని చెబుదామనుకున్నాను. ఇంట్లో మైల అంటుకున్నదని అబద్ధం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

పదకొండింటికి వచ్చాడు. మహానంద పీట వేసి, బొట్టు పెట్టి, హారతి పట్టింది. కొంగు ఎడమ చెంప మీదికి లాక్కుని పట్టింది. తుకారాం పళ్లెంలోంచి కజ్జికాయ లాంటి కరంజీ తీసి, "నువ్వు ఫస్టు తిను అక్కా" అని ఆమె నోటికి అందించాడు. నోరు తెరుచుకోలేదు. కరంజీ పెదాలకు తగిలి పగిలి, ఒళ్లో పొడి పడింది.

వాడు నవ్వబోయి ఆగాడు. కొంగు తీశాడు. గడ్డం పట్టుకోలేదు, భుజాలు పట్టుకుని నెమ్మదిగా వాకిట్లోకి, వెలుతురులోకి నడిపించాడు. ఆమె పెదవి తనే లాగి చూపించింది. నాకు చూపించినట్టే.

వాడు వంగి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"బావా, గిది ఎన్నొద్దుల సంది?"

"ఈ మధ్యనే. బ్రష్ గీరుకపోయింది. మందు వాడుతున్నం."

"ఏం మందు?"

నేను గూట్లోంచి బ్రష్‌లు తీసుకొచ్చాను. ఎందుకు తీసుకొచ్చానో తెలియదు. ఎంత ప్రయత్నం చేశానో వాడు చూస్తాడనిపించింది. నాలుగూ బల్ల మీద పెట్టి, ఏది ఎందుకు కొన్నానో చెప్పడం మొదలుపెట్టాను. ఇది గరుకు, ఇది నొక్కితే దీపం వెలుగుతుంది, ఇది అన్నిటికన్నా మెత్తటిది, ఇది నోరు చిన్నగా తెరిచేవాళ్లకు.

తుకారాం నా మాట పూర్తి కానివ్వలేదు. "నాకు రెండు ఎడ్లున్నయి బావా," అన్నాడు. "ఒకదాని నోట్ల చిన్న పుండైతె నేను పశువుల దవఖానకు నడిపిచ్చుకపోయిన. ఎనిమిది మైళ్లు."

మహానందను అడిగాడు, "అక్కా, వస్తవా నాతోని?"

ఆమె నన్ను చూడలేదు. లోపలికెళ్లి సంచిలో రెండు చీరలు పెట్టుకుని వచ్చింది. నేను అడ్డం నిలబడ్డాను. "పండుగ పూట ఎక్కడికి? ఆడ ఎవరన్న అడిగితె ఏం చెప్తరు?"

"ఏది నిజమైతె అదే చెప్తం," అన్నాడు వాడు.

బండి మీద వెళ్లిపోయారు. హారతి పళ్లెం పీట ముందే ఉంది. దీపం చాలాసేపు ఆరలేదు.

నవంబరు 5, మంగళవారం

హైదరాబాద్‌లో క్యాన్సర్ ఆసుపత్రి. నేనూ వెళ్లాను. వెళ్లకపోతే ఏమనుకుంటారు?

చిన్న వయసు డాక్టరమ్మ. తెలుగే. అద్దం, దీపం పెట్టి చూసింది. మెడ కింద వేళ్లతో తడిమింది. కాగితం ముందు పెట్టుకుని ఎన్నాళ్ల నుంచి అని అడిగింది.

"రెండు నెలల నుంచి మేడమ్," అన్నాను.

"ఉగాది సంది," అంది మహానంద. మాట సగమే బయటికొచ్చింది. డాక్టరమ్మకు అర్థం కాలేదేమోనని వేళ్ల మీద లెక్కపెట్టి చూపించింది. ఏడు.

డాక్టరమ్మ మా ఇద్దరినీ చూసింది. ఏడు అని రాసుకుంది.

"ఇంతకు ముందు ఎవరికీ చూపించలేదా?"

"పండ్ల డాక్టర్‌కు సూపిచ్చిండ్రు మా సారు," అంది మహానంద. "మెత్తటి బ్రష్ వాడమన్నడంట."

నమ్మింది. మూడు నెలలూ నమ్మింది. తుకారాం నన్నే చూస్తున్నాడు. ఆ గదిలో నేను నోరు విప్పి ఉండవలసింది. విప్పలేదు.

నవంబరు 12

ముక్క పరీక్ష, స్కాన్ ఫలితాలు వచ్చాయి. దవడ ఎముకలోకి పాకింది. మెడలో గడ్డలు కూడా అదే.

డాక్టరమ్మను పక్కకు పిలిచి, "బ్రష్ వల్లనా?" అని అడిగాను.

"బ్రష్ వల్ల రాదు. పొగాకు వల్ల వచ్చింది. ఆగస్టులోనో జూలైలోనో వచ్చి ఉంటే చిన్న ఆపరేషన్. ఎముక ముట్టుకునే పని ఉండకపోవచ్చు."

బ్రష్ వల్ల కాదు. ఆ మాట రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను.

నవంబరు 14

పింకి సుందరం డాక్టరుకు ఫోన్ చేసిందట. నాతో మాట్లాడటం లేదు.

ఆగస్టులో ఆయన నాతో అన్న మాటలు తల్లికి కూడా చెప్పేసింది. ఆసుపత్రి వరండాలో మహానంద నన్ను దగ్గరికి పిలిచింది. తిడుతుందనుకున్నాను. నా ముఖం చాలాసేపు చూసింది, అంతే. బడి పిల్లల నోట్‌బుక్కు దిద్దేటప్పుడు నేను కూడా అట్లాగే చూస్తానేమో, ఏ పేజీ నుంచి తప్పు మొదలైందా అని. తర్వాత పింకిని నీళ్లడిగింది.

నవంబరు 27, బుధవారం

పది గంటలు పట్టింది. ఎడమ వైపు కింది దవడ తీసేశారు. తొడ నుంచి కండ తీసి అక్కడ కుట్టారు. బతికింది.

డిసెంబరు 4

ముక్కులో గొట్టం. గొంతులో గొట్టం. గాజు కిటికీ దాకా వెళ్లనిచ్చారు.

నర్సును ఆపి అడిగాను, డిశ్చార్జి అయ్యాక ఎలాంటి బ్రష్ మంచిదని.

"ఏ వైపుకు సార్? ఆ వైపు పళ్లు లేవు."

ఎందుకడిగానో నాకే తెలియదు. ఇంకేం అడగాలో తోచలేదు.

2025 జనవరి 10, శుక్రవారం

రేడియేషన్ మొదలై పది రోజులు. తుకారాం, పింకి వంతులు వేసుకుని ఉంటున్నారు. నా వంతు అడిగాను. అవసరం లేదన్నారు.

బడికి ఆఫీసు నుంచి పోస్టర్లు వచ్చాయి. పొగాకు తిన్నవాళ్ల నోళ్లు, పెద్ద పెద్ద రంగుల బొమ్మలు. హెడ్మాస్టరు గారు, "మీ డిపార్టుమెంటు గదా సార్" అని నా చేతిలో పెట్టారు. ఒక ఆడమనిషి బొమ్మ. పెదవి వేలితో కిందికి లాగి చూపిస్తోంది. కింద నాలుగు వాక్యాలు. రెండు వారాల్లో మానని పుండు అనే వాక్యం ఎర్ర అక్షరాల్లో ఉంది.

ఏడో తరగతి గదిలో తగిలించాను. నాకు ఆ తరగతి లేదు.

ఇంట్లో ఏమైందని స్టాఫ్ రూములో అడిగితే పంటికి చీము పట్టిందని చెప్పాను. అందరికీ తెలుసు. అయినా అడిగారు. అయినా చెప్పాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

చికిత్స ముగిసింది. ఆమె బీదర్ రాలేదు. హైదరాబాద్ నుంచి నేరుగా హుల్సూరు వెళ్లింది. అక్కడ చూసుకునేవాళ్లున్నారని పింకి మెసేజ్ పెట్టింది. ఇక్కడ లేరా?

ఫిబ్రవరి 16, ఆదివారం

హుల్సూరు వెళ్లాను. భాల్కీలో బస్సు మారాను. దారి పొడుగునా ఒకటే వాక్యం సిద్ధం చేసుకున్నాను. తప్పు నాది, ఇంటికి రా. ఎవరున్నా సరే, అందరి ముందే అనాలనుకున్నాను.

తుకారాం చేను దగ్గర ఉన్నాడట. వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు కందులు చెరుగుతున్నారు. నడుమ మహానంద. చెంప లోపలికి పోయింది. పెదవి చివర నుంచి మెడ దాకా కుట్టు. మూతి ఒక పక్కకు లాక్కుపోయింది. ముఖం మీద ఏమీ కప్పుకోలేదు. తొడ మీద గుడ్డ వేసుకుని, కారుతున్న ఉమ్మిని మధ్య మధ్య తుడుచుకుంటూ చేట ఆడిస్తోంది. ఏదో అంది. నోటి నిండా నీళ్లు పోసుకుని మాట్లాడినట్టుంది. ఆడవాళ్లందరూ ఫక్కున నవ్వారు. ఆమె భుజాలు కూడా కదిలాయి.

నన్ను చూసి నవ్వు ఆగింది.

తుకారాం భార్య ప్రేమల లేచి కుర్చీ వేసింది. "రాండ్రి అన్నా. నీళ్లు తాగుండ్రి." చేట చప్పుడు మళ్లీ మొదలైంది.

నేను సిద్ధం చేసుకున్న వాక్యం రాలేదు. "మందులు వేళకు తీసుకుంటున్నవా?" అన్నాను. తల ఊపింది. "పింకి పరీక్షలు ఎప్పుడు?" వేళ్లు చూపించింది. ఇంకేం లేదు. పక్కింటి కోడి వచ్చి కందులు ఏరుకుంటుంటే ఆమె చేత్తో అదిలించింది.

చివరికి అన్నాను. "ఇంటికి పోదాం."

మహానంద చేట ఆపింది. నా వైపు తిరిగి ఏదో చెప్పింది. నాలుగైదు మాటలు. అర్థం కాలేదు.

"మల్ల చెప్పు."

మళ్లీ చెప్పింది. ఇంకా నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి. పెదవి చివర నుంచి కారింది, తుడుచుకుంది. నాకు ఒక్క అక్షరం అందలేదు. రోజుకు రెండుసార్లు చూసిన నోరు అది.

పక్కనున్న ముసలామె చేట మీదికి తల దించుకుంది. ఇంకొకామె కొంగు సర్దుకుంది. వాళ్లందరికీ అర్థమైంది. ఎనిమిది నెలలుగా నాకు చెప్పనిదేదో చెప్పిందనిపించింది.  ఏదైనా సరే, వినడానికి సిద్ధంగానే ఉన్నాను. నిజంగా ఉన్నాను.

"ఇంకొక్కసారి," అన్నాను.

మూడోసారి కూడా చెప్పింది. విసుక్కోలేదు.

"ప్రేమలా, ఏమంటుందమ్మా?"

ప్రేమల చేతిలోని కందులు చేటలో వదిలింది. ఆమె నా ముఖం చూడలేదు.

"మీ బస్సు ఐదున్నరకంట అన్నా. దాని తర్వాత ఇంకోటి లేదంట."

మహానంద అవునన్నట్టు తల ఊపి, చేట ఒళ్లోకి లాక్కుంది.

ఐదున్నర బస్సుకే వచ్చేశాను. కిటికీ పక్క సీటు దొరికింది.